బస్సు ఆగే చోటు మనది, బస్సు ఎవరిది?

పురపాలక ఎన్నికల వేళ వాడవాడలా వినిపించే వాగ్దానాలలో రెండు ఏనాడూ మారవు. "మీ మాటే నా మాట, మీరు చెప్పినట్లే నడుచుకుంటాను" అన్నది మొదటిది. "మీ వాడకు బస్సు తెప్పిస్తాను" అన్నది రెండవది. మొదటిది ప్రజాభిప్రాయానికి సంబంధించినది, రెండవది ప్రజా రవాణాకు సంబంధించినది. అభ్యర్థులు ఈ రెంటినీ వేర్వేరు వరాలుగా ప్రకటిస్తారు. ఓటర్లు కూడా అలాగే వింటారు. పోలింగు ముగిసిన పిదప రెండూ కలిసే మరుగున పడతాయి. నిజానికి ఇవి రెండు వాగ్దానాలు కావు, ఒక్కటే. మొదటిది నెరవేరని చోట రెండవది నెరవేరే అవకాశం లేదు. ఈ సత్యాన్ని మన సరిహద్దు ప్రాంతాల తెలుగువారికి అన్ని నగరాలకంటే స్పష్టంగా చూపించే నగరం సోలాపూర్.

మహారాష్ట్రలోని మిగిలిన 28 మహానగరపాలికలతో పాటు సోలాపూర్‌కు 2026 జనవరి 15న ఎన్నికలు జరిగాయి. అంతకు ముందటి పాలకవర్గం 2017లో ఎన్నికైనది. దాని గడువు 2022 మార్చిలో తీరిపోయింది. వెనుకబడిన వర్గాల రిజర్వేషన్ల వివాదం, వార్డుల పునర్విభజన వివాదం న్యాయస్థానాలలో నలుగుతూ ఉండగా దాదాపు నాలుగేళ్లు నగరాన్ని ప్రభుత్వం నియమించిన అధికారే ఏలాడు. 2025 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానం గట్టిగా ఆదేశించిన మీదటనే స్థానిక ఎన్నికలకు దారి ఏర్పడింది. 2011 జనాభా లెక్కల ప్రకారమే తొమ్మిదిన్నర లక్షల మంది ఉన్న నగరంలో కాలువ పూడినా, దీపం వెలగకున్నా, బస్సు రాకున్నా అడగడానికి ఎన్నికైన మనిషి ఒక్కడూ లేని కాలమది. అందుచేత ఈసారి ఎన్నికైన 102 మంది సభ్యులపై ఆశలు ఎక్కువ. ఆ ఆశలను దేనితో కొలవాలన్నదే ప్రశ్న.

రాజ్యాంగం ఇచ్చినది, ఇవ్వనిది

ముందుగా ఒక కార్పొరేటరుకు బస్సుల విషయంలో ఉన్న అధికారమెంతో తెలుసుకోవాలి. 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 విషయాలను పన్నెండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందులో రోడ్లు, వంతెనలు ఉన్నాయి. వీధిదీపాలు, వాహనాలు నిలిపే స్థలాలు, బస్సు స్టాపులు, మరుగుదొడ్లు ఒకే అంశంగా ఉన్నాయి. బస్సులు నడపడం మాత్రం ఆ జాబితాలో లేదు. అనగా బస్సు ఆగే చోటు నగరానిది, ఆగవలసిన బస్సు మాత్రం నగరానిది కాదు.

దేశంలో ఎక్కువ నగరాల పరిస్థితి ఇదే. బళ్లారిలో నగర బస్సులు నడిపేది కలబురగి కేంద్రంగా గల కల్యాణ కర్ణాటక రోడ్డు రవాణా సంస్థ. హోసూరులో తమిళనాడు ప్రభుత్వ రవాణా సంస్థ. అక్కడి కార్పొరేటరు "బస్సు తెప్పిస్తాను" అన్నాడంటే ఆ మాటకు అర్థం, డిపో మేనేజరుకు ఒక అర్జీ రాస్తాననే. అర్జీ తప్పు కాదు గాని, దానిని అధికారంగా చెప్పుకొనడం ఓటరును మభ్యపెట్టడమే.

సోలాపూర్ ఈ నియమానికి మినహాయింపు. అక్కడ ఎస్.ఎం.టి.గా అందరూ పిలిచే నగర రవాణా విభాగం మహానగరపాలికకే చెందినది. బస్సు స్టాపూ దానిదే, బస్సూ దానిదే, డ్రైవరు జీతమూ దానిదే. మహారాష్ట్ర మహానగరపాలికల చట్టం ఈ విభాగానికి ప్రత్యేకంగా ఒక రవాణా కమిటీని, ఒక రవాణా మేనేజరును, వేరుగా ఒక బడ్జెటును ఏర్పరచినది. కావున బళ్లారి కార్పొరేటరు చెప్పుకొనగల సాకు సోలాపూర్ కార్పొరేటరుకు లేదు. అయినా అక్కడి నగర బస్సుల దుస్థితి అందరికీ తెలిసినదే. ఈ లోపం చట్టంలో లేదు. మరి ఎక్కడ ఉన్నది?

బస్సు ఎలా మాయమవుతుంది

నగర బస్సు ఒక్కరోజులో ఆగిపోదు. ఒక దూరపు వాడకు బస్సు వెళ్లి తిరిగి రావడానికి గంటన్నర పడుతుందనుకుందాం. ఆ దారిలో మూడు బస్సులు తిరిగితే అరగంటకొకటి దొరుకుతుంది. ఒకటి చెడిపోయి డిపోలో నిలిచిపోతే ముప్పావు గంటకొకటి అవుతుంది. రెండు నిలిచిపోతే గంటన్నర వేచి ఉండాలి. గంటన్నర నిలబడే ఓపిక కూలికి పోయేవారికి ఉండదు. వారు షేర్ ఆటో ఎక్కుతారు. బస్సు ఖాళీగా తిరుగుతుంది, రాబడి తగ్గుతుంది, విడిభాగాలకు డబ్బు చాలదు, మరొక బస్సు మూలనపడుతుంది. చివరకు "ఈ దారిలో ప్రయాణికులు లేరు" అని కాగితం మీద రాసి దారినే ఎత్తివేస్తారు. ప్రయాణికులు లేకపోలేదు. వారు ఎదురుచూడడం మానుకున్నారు, అంతే.

కొత్త బస్సులు కొన్నంత మాత్రాన ఈ చక్రం తెగదన్నది కూడా సోలాపూర్ నేర్చిన పాఠమే. జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం క్రింద ఆ నగరానికి పెద్దసంఖ్యలో కొత్త బస్సులు వచ్చినవి. వాటిలో పలు బస్సుల ఛాసిస్‌లు బీటలువారి అవి డిపోలోనే నిలిచిపోవడం, దానిపై వివాదం నడవడం నగర ప్రజలు ఎరిగిన విషయం. కొనుగోలు నిర్ణయం పైనుండి వచ్చినది. ఏ వీధికి ఎంత పొడవు బస్సు సరిపడుతుందో, ఏ వేళకు ఏ దారిలో జనం ఉంటారో ప్రయాణికులను అడిగినవారు లేరు. 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ నగరాలలో సోలాపూర్ ఒకటి. ఆ పనులు కూడా పాలకమండలి చేతిలో గాక, ప్రత్యేకంగా నెలకొల్పిన కంపెనీ ద్వారా జరిగినవి. డబ్బు వచ్చింది, సాధనాలు వచ్చినవి, ప్రయాణికుని మాట మాత్రం ఆ లెక్కలలోనికి రాలేదు.

ఇప్పుడు మరొక అవకాశం ముంగిట ఉన్నది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి ఈ-బస్ సేవా పథకం 10,000 విద్యుత్ బస్సులను నగరాలకు ఉద్దేశించినది. మొత్తం అంచనా 57,613 కోట్ల రూపాయలు, అందులో కేంద్రం వాటా 20,000 కోట్లు. ఎంపికైన నగరాలలో సోలాపూర్ కూడా ఉన్నది. ఈ పథకంలో బస్సు నడిపేది ప్రైవేటు సంస్థ. దానికి కిలోమీటరుకు ఇంతని చెల్లిస్తారు. ఇందులోని మెలికను ప్రతి కార్పొరేటరూ గుర్తెరగాలి. బస్సు నిండుగా తిరిగినా ఖాళీగా తిరిగినా చెల్లింపు కిలోమీటర్ల లెక్కనే ఉంటుంది. కేంద్ర సహాయం పోగా మిగిలే లోటు నగరం మీదనే పడుతుంది. అనగా దారులు ఎంచడంలో తప్పు జరిగితే ఆ నష్టం ఆపరేటరుకు కాదు, పన్ను కట్టే పౌరునికి. ఇదివరకు ప్రయాణికుని మాట వినకుంటే బస్సు పోయేది. ఇకపై బస్సుతో పాటు డబ్బూ పోతుంది.

బీడీల బుట్టకు బస్సు వేళ

ఇదంతా లెక్కల వ్యవహారమని అనుకొనరాదు. సోలాపూర్ తూర్పు భాగంలో తెలుగు పద్మశాలీలు తరాల తరబడి స్థిరపడి ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుండి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవారి సంతతి అది. చేమగ్గం పోయి మరమగ్గం వచ్చినది, చాదర్లకు తువ్వాళ్లకు దేశమంతటా పేరు వచ్చినది. మగవారు మరమగ్గాల మీద ఉండగా ఆ ఇండ్లలోని వేలాది స్త్రీలు బీడీలు చుట్టి సంసారాలు నిలిపినారు.

బీడీ కార్మికురాలి దినచర్య తెలిసినవారికి బస్సు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. కార్ఖానాకు పోయి తునికాకు, తంబాకు తెచ్చుకోవాలి. ఆకు నానబెట్టి కత్తిరించి ఇంటి వద్దనే చుట్టాలి. చుట్టినవి మరల కార్ఖానాకు చేర్చి లెక్క అప్పజెప్పాలి. కూలి వేయి బీడీలకు ఇంతని లెక్క. దారిలో పోయిన గంట, చుట్టలేని బీడీల క్రింద ఆమె కూలిలోనే కోతపడుతుంది. ఆటోకిచ్చిన డబ్బూ ఆ కూలిలోనిదే.

ఈ స్త్రీల ఇండ్ల కొరకు జరిగిన పోరాటం దేశానికే ఆదర్శమైనది. తెలుగు కార్మిక నాయకుడు, సి.పి.ఎం. మాజీ శాసనసభ్యుడు నర్సయ్య ఆడం నాయకత్వాన సాధించిన కామ్రేడ్ గోదూతాయి పరులేకర్ కాలనీలో 10,000 ఇండ్లను 2006లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ కార్మికులకు అప్పగించారు. ఆ తరువాత అదే కుంభారి ప్రాంతంలో అసంఘటిత కార్మికుల కొరకు 30,000 ఇండ్ల రేనగర్ నిర్మాణానికి పూనుకున్నారు. అందులో తొలివిడత 15,000 ఇండ్లను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఇద్దరు ప్రధానులు వచ్చి తాళాలు ఇచ్చిన ఇండ్లవి. ఐతే అవి నగరానికి వెలుపల, అక్కల్‌కోట దారిలో ఉన్నాయి. పని నగరంలో, ఇల్లు కుంభారిలో. ఇల్లు దొరికిన కుటుంబానికి మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఉదయం పనికి వెళ్లేదెట్లు, రాత్రి క్షేమంగా తిరిగి వచ్చేదెట్లు?

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. కుంభారి మహానగరపాలిక హద్దులలో లేదు. నగరంలో పని చేసి, నగర బస్సు ఎక్కే ఆ స్త్రీకి నగర కార్పొరేటరును ఎన్నుకొనే ఓటు లేదు. ఓటు లేనివారి బస్సు అభ్యర్థి ప్రణాళికలో చివరి వరుసకు పోవడం సహజం. కాని ఆమె తెచ్చే బీడీలు, ఆమె భర్త నేసే తువ్వాళ్లు, ఆమె కొనే సరుకులు నగర వ్యాపారంలో భాగమే. ఓటు లేని ప్రయాణికుని మాట కూడా చేరే దారి ఉన్నపుడే దానిని ప్రజాభిప్రాయం అనవచ్చు.

ఉన్న చట్టం, జరగని సభ

ఆ దారి కొత్తగా వేయనక్కరలేదు. 2009లో మహారాష్ట్ర శాసనసభ చేసిన సవరణ ప్రకారం నగరాలలో క్షేత్రసభలు ఉండాలి. కొన్ని పోలింగు కేంద్రాల పరిధిని ఒక క్షేత్రంగా తీసుకుని, అక్కడి ఓటర్లందరినీ సభ్యులుగా చేసి, కార్పొరేటరు అధ్యక్షతన సమావేశం జరపాలి. పల్లెకు గ్రామసభ ఎట్టిదో వాడకు క్షేత్రసభ అట్టిది. ఏ పని ముందు, ఏది వెనుక అన్న ప్రాధాన్య క్రమాన్ని అక్కడ నిర్ణయించి పైకి పంపవచ్చు. రెండేళ్లలో కనీసం నాలుగు సభలు జరపాలని, జరపని సభ్యునికి పదవీ గండం ఉండగలదని కూడా చట్టం హెచ్చరించినది. ఐనప్పటికీ మొక్కుబడిగానైనా ఈ సభ జరగని వాడలే ఎక్కువ.

దీనికి ఒక కారణం నలుగురు సభ్యుల వార్డు పద్ధతి. సోలాపూర్‌లోని 26 ప్రభాగ్‌లలో అధిక భాగం నలుగురేసి సభ్యులను ఎన్నుకొనేవే. నలుగురు ఉన్నచోట జవాబుదారీ నాలుగు భాగాలు కావాలి. కాని అది మాయమవుతున్నది. ఒకరినడిగితే "ఆ వీధి నాది కాదు" అంటారు, మరొకరినడిగితే "ఆ పని ఆయన చూస్తున్నారు" అంటారు. ఓటు నాలుగుసార్లు వేసిన పౌరుడు ఒక్క జవాబు కొరకు నాలుగు గుమ్మాలు తిరగవలసి వస్తున్నది.

ఇంతకంటే విలువైన అవకాశం రవాణా కమిటీలో ఉన్నది. ఆ కమిటీలో 13 మంది సభ్యులు ఉంటారు. స్థాయీ సంఘం అధ్యక్షుడు హోదారీత్యా ఒకరు. మిగిలిన 12 మందిని మహానగరపాలిక నియమిస్తుంది. వీరు కార్పొరేటర్లే కానక్కరలేదు. పరిపాలన, రవాణా, ఇంజనీరింగు, పరిశ్రమ, వాణిజ్యం, ఆర్థికం, కార్మిక వ్యవహారాలలో అనుభవం గలవారు కావచ్చును. కార్మిక వ్యవహారాలు అన్న మాట గమనించదగినది. అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామికవాడలో మరమగ్గాల కార్మికుల సంఘం నడిపిన మనిషికి, బీడీ కార్మిక సంఘంలో ముప్పై ఏళ్లు పని చేసిన స్త్రీకి ఆ కమిటీలో కూర్చొనే అర్హతను చట్టమే ఇచ్చినది. రాజకీయ పునరావాసం క్రింద పార్టీల ఆశావహులకు పంచే ఆ కుర్చీలలో మూడింటినైనా నిత్యం బస్సెక్కే వారికి ఇస్తామని ఏ అభ్యర్థియైనా ప్రకటించి ఉంటే, అది వంద బస్సుల వాగ్దానం కంటే బరువైనది.

తెలుగువారికి ప్రాతినిధ్యం లేకపోవడం వలన ఇట్లు జరుగుతున్నదని కొందరు అంటారు. ఇది నిలువదు. గంగాధర్ కూచన్, ధర్మన్న సాదుల్ వంటి తెలుగువారిని లోక్‌సభకే పంపిన నగరం అది. మహానగరపాలికలోనూ తెలుగు పేర్లు ఎన్నడూ లోపించలేదు. మనవాడు కుర్చీలో కూర్చోవడం వేరు, మన మాట ఆ కుర్చీ దాకా పోవడం వేరు. సభానోటీసు మరాఠీలో వచ్చి, చర్చ మరాఠీలో సాగితే పెద్దవయసు తెలుగు కార్మికురాలు వెనుక వరుసలో మౌనంగా కూర్చొని తిరిగివస్తుంది. రాజ్యభాషను గౌరవిస్తూనే, తెలుగులోనూ కన్నడంలోనూ ఉర్దూలోనూ చెప్పిన మాటను నమోదు చేసుకొనే ఏర్పాటు తూర్పు భాగపు క్షేత్రసభలలో తప్పనిసరి. ఏ లిపీ చదవలేని వృద్ధురాలికి బస్సు నంబరే అక్షరం. ఆ నంబరు పెద్దదిగా, మార్చకుండా ఉంచడం కూడా ప్రజాభిప్రాయం వినడంలో భాగమే.

ఇతర సరిహద్దులలో

మిగిలిన రాష్ట్రాలలోని మనవారికి ఇది పరాయి కథ కాదు. కర్ణాటకలో 2011 సవరణ ప్రకారం నగరపాలికలలో వార్డు కమిటీలు ఉండాలి. కార్పొరేటరు అధ్యక్షుడు. నియమించే పదిమందిలో ముగ్గురు స్త్రీలు, ఇద్దరు షెడ్యూల్డు కులాలు తెగల వారు, ఇద్దరు నివాసుల సంఘాల ప్రతినిధులు ఉండాలి. బళ్లారిలోని 39 వార్డుల ఓటర్లు తమ కమిటీలో ఆ పదిమంది ఎవరో అడిగి తెలుసుకోవచ్చు. తమిళనాడులో 2022 నవంబరు 1న స్థానిక పాలన దినం సందర్భంగా ప్రాంత సభలు ప్రారంభమైనవి. హోసూరు 2019లో నగరపాలికయై, 2022 ఫిబ్రవరిలో 45 వార్డులకు తొలి ఎన్నికలు చూచినది. యానాం పరిస్థితి మరీ విచిత్రం. పుదుచ్చేరి ప్రాంతంలో 38 ఏళ్ల విరామం తరువాత 2006లో స్థానిక ఎన్నికలు జరిగాయి. ఎన్నికైనవారి గడువు 2011లో ముగియగా, ఆ పిమ్మట పదేళ్లు దాటినా మరల ఎన్నికలు జరుగలేదు. అక్కడ అభ్యర్థినే చూడని తరమొకటి ఓటరుగా ఎదిగినది.

కర్ణాటకలో 2023 జూన్ 11 నుండి శక్తి పథకం, తెలంగాణలో 2023 డిసెంబరు నుండి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకం స్త్రీలకు ఉచిత ప్రయాణం కల్పించినవి. తమిళనాడు 2021లోనే సాధారణ పట్టణ బస్సులలో ఈ వసతి కల్పించినది. మహారాష్ట్ర 2023 మార్చి నుండి రాష్ట్ర రవాణా సంస్థ బస్సులలో స్త్రీలకు సగం చార్జీ చేసినది. ఇవన్నీ మేలైనవే. కాని టిక్కెట్టు ఉచితమైనా, సగమైనా, ముందు బస్సు రావాలి గదా! టిక్కెట్టు ధర రాజధాని నిర్ణయిస్తుంది. బస్సు దిగిన తరువాత చీకటి సందులో దీపం ఉన్నదా, స్టాపులో నీడ ఉన్నదా, కాలిబాట మీద బండ్లు నిలిపి దారి మూసినారా అన్నది వార్డు సభ్యుడు చూడవలసినది. బస్సులు తన చేతిలో లేని బళ్లారి, హోసూరు కార్పొరేటర్లకు సైతం ఇంత పని ఉన్నది.

అడగవలసిన మూడు ప్రశ్నలు

కనుక గెలిచిన సభ్యులను నేడు, నిలబడే అభ్యర్థులను రేపు మన ఓటర్లు మూడు ప్రశ్నలు అడగాలి. ఒకటి, ఈ ఏడాది మా వాడలో సభ జరిపే తేదీలు ఏవి? "త్వరలో" అన్నది జవాబు కాదు, తేదీ కావాలి. రెండు, ఆ సభలో మేము చెప్పిన బస్సు వేళ, బస్సు దారి ఏమైనదో రాతపూర్వకంగా ఎన్నాళ్లలో తెలుపుతారు? ఒప్పుకున్నా సరే, కుదరదన్నా సరే, కారణం రాయాలి. మూడు, రవాణా నిర్ణయాలు జరిగే కమిటీలో నిత్యం బస్సెక్కే మనిషి ఎవరున్నారు?

దీనిపై ఒక ఆక్షేపణ ఉన్నది. పదిమందినడిగితే పది దారులంటారు, ఉన్న కొద్ది బస్సులను వీధివీధికీ తిప్పితే ఎవరికీ వేళకు అందవని రవాణా అధికారులు చెబుతారు. అందులో నిజమున్నది. బలమున్న వాడ గట్టిగా అరచి బస్సును తనవైపు మలుపుకొనే ప్రమాదమూ ఉన్నది. అందుకే అధికారి తన లెక్కలను సభ ముందు పెట్టాలి. ఎన్ని బస్సులు తిరుగుతున్నవి, ఏ దారిలో ఎందరు ఎక్కుతున్నారు, కిలోమీటరుకు ఎంత ఖర్చు అన్నది గోడమీద అంటిస్తే, సామాన్యులు సైతం ఏది వదులుకోవాలో ఏది నిలుపుకోవాలో వివేకంగా చెప్పగలరు. కొద్దిపాటి కూలితో నెలంతా నెట్టుకొచ్చే ఇల్లాలికి లోటు బడ్జెటు అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు.

సోలాపూర్‌లో నాలుగేళ్లు జవాబు చెప్పే సభ్యుడు లేడన్న సాకు నేడు తీరిపోయింది. 102 మంది ఉన్నారు, చట్టమూ ఉన్నది, రవాణా విభాగమూ వారిదే. తొలి క్షేత్రసభ తేదీని ఏ ప్రభాగ్ ముందుగా ప్రకటిస్తుందో తూర్పు భాగపు తెలుగు ఓటర్లు కనిపెట్టి చూడాలి. ప్రకటించనిచోట అడగాలి. కుంభారి నుండి బీడీల బుట్టతో వచ్చే ఆ తల్లి తరఫున కూడా అడగాలి. ఆమెకు అక్కడ ఓటు లేదు, మనకు ఉన్నది.